ఊరికో పేజీ పెట్టాలా, పనికో పేజీ చాలా? (భీమవరం ఏరేటర్ రిపేరు షాపు సైటు)

రేవుగట్టు (ప్రశ్న)

భీమవరంలో ‘ఉండి’ ఊరికి వెళ్లే రోడ్డు మీద షాపండి. రొయ్యల చెరువుల ఏరేటర్ (నీళ్లకి ఆక్సిజన్ అందించే యంత్రం) మోటార్ల రివైండింగ్ (మాడిన కాయిళ్లు తీసి కొత్తవి చుట్టడం), గేర్‌బాక్సులు, స్టార్టర్ ప్యానెళ్లు, జనరేటర్ సర్వీసు చేస్తాం. సైటులో ఏడు పేజీలున్నాయి. టౌనులో నిలబడి వెతికితే మ్యాపులో మొదటి మూడింట్లో వస్తున్నాం. ఆకివీడు, కాళ్ల, పాలకొల్లు వైపు వెళ్తే ఊసే లేదు. సైటు చూసే కుర్రాడు 32 ఊళ్లకి 32 పేజీలు పెడదామంటున్నాడు. మేటరు ఒకటే, ఊరిపేరు మారుతుంది. ఆరు ఇప్పటికే ఎక్కించేశాడు. మిగతావి పెట్టించాలా, ఆపించాలా?

తాటిముంజ

ఆపించండి. ఊరిపేరు మార్చి అదే మేటరు దింపే పేజీలకి గూగుల్ స్పామ్ నిబంధనల్లో విడిగా పేరే ఉంది, డోర్‌వే పేజీలని. ప్రాంతానికో పేజీ పెట్టి, వచ్చినవాళ్లందర్నీ చివరికి ఒకే చోటికి తోలడం అందులోకే వస్తుంది. 2024 మార్చిలో ఇంకోటి చేర్చారు. ర్యాంకు కోసమే గంపగుత్తగా పేజీలు పుట్టించడం తప్పే, మనిషి రాసినా మిషను రాసినా.

అలాగని రేపు పొద్దున్నకి సైటు మాయమైపోతుందని బెదిరించను. చిన్న సైటుకి సాధారణంగా జరిగేది వేరు. సెర్చ్ కన్సోల్లో (సైటు గూగుల్లో ఎలా కనబడుతోందో చూపే గూగుల్ ఉచిత పరికరం) పేజీల రిపోర్టు తెరవండి. ఆ ఆరింట్లో ఎన్ని ‘క్రాల్ అయింది, ఇండెక్స్ కాలేదు’ అన్న వరసలో ఉన్నాయో చూడండి. గూగుల్ వచ్చింది, చదివింది, తన వెతుకులాట జాబితాలో (ఇండెక్స్) చోటు దండగ అనుకుని పోయింది అని దానర్థం. ఇండెక్స్ అయినవి మీ పాత సర్వీసు పేజీతోనే పోటీకి దిగుతాయి. ఇవాళ ఒకటి కనబడుతుంది, ఎల్లుండి ఇంకోటి, ఏదీ నిలవదు.

పేజీలో ఊరిపేరు వేలితో మూసి చదవండి. ఏ ఊరి పేజీయో చెప్పలేకపోతే అది అక్కర్లేని పేజీ.

కాలవలాకు

పుస్తకంలో మాటండి అది. హైదరాబాదు ఏసీ రిపేరుకి వందల సైట్లు కొట్టుకుంటాయి, అక్కడ మీరన్నది నిజం. ఇక్కడ ‘ఆకివీడు ఏరేటర్ రిపేర్’ అని కొడితే డైరెక్టరీ సైట్ల ఖాళీ పేజీలు, కొత్త ఏరేటర్లు అమ్మేవాళ్ల పేజీలు తప్ప ఏముంటాయి? పోటీ లేని చోట టైటిల్లో ఊరిపేరున్న పేజీ ఎంత బక్కదైనా పైకొస్తుంది. నెలకి పదిమందే వెతకనివ్వండి. ఆ పదిమందికీ ఆ సమయానికి చెరువులో రొయ్య తేలుతూ ఉంటుంది. రేటు గురించి బేరమాడే తీరికుండదు. అలాంటి ఫోను నెలకి రెండొచ్చినా పేజీ ఖర్చు గిట్టినట్టే.

32 ఎక్కువంటే ఒప్పుకుంటాను. అసలు వద్దంటే ఒప్పుకోను.

పంటురేవు

మీరిద్దరూ ఒక్క క్యూ గురించే వాదించుకుంటున్నారు. అక్కడ రెండు క్యూలున్నాయండి. పైన మ్యాపుతో మూడు షాపులు, కింద మామూలు లింకులు. ఊరి పేజీ ఏమన్నా పనిచేస్తే కింది క్యూలోనే. పైదానికి గూగుల్ చెప్పే లెక్కలు మూడు: వెతికినదానికి షాపు సరిపోవడం, దూరం, పేరుప్రతిష్ఠ. ఆకివీడులో ఫోను పట్టుకుని ‘దగ్గర్లో’ అని వెతికేవాడికి భీమవరం షాపు సుమారు 20 కిలోమీటర్ల అవతల ఉంది. ఆకివీడులో ఓ మోస్తరు షాపు ఉంటే అదే ముందొస్తుంది. ఆ దూరాన్ని పేజీతో చెరపలేరు.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్లో (మ్యాపులో కనబడే మీ షాపు వివరాలు) ‘సర్వీసు ఏరియా’ కింద 20 ప్రాంతాల దాకా చేర్చుకోవచ్చు. షాపుకి మనుషులు వస్తారు కాబట్టి అడ్రసు చూపిస్తూనే ఏరియా కూడా పెట్టండి. కానీ ఆ ఊళ్లు చేర్చినందువల్ల ఆ ఊళ్లలో ర్యాంకు పెరగదు. పలానా చోటికి వస్తారని వెతికేవాడికి తెలుస్తుంది, అంతే. ఇది తెలియక 20 నింపేసి నెలల తరబడి ఎదురుచూసేవాళ్లు బోలెడుమంది.

ఇంకో పని మాత్రం పొరపాటున కూడా చెయ్యకండి. ఆకివీడులో బావమరిది ఇంటి అడ్రసు మీద రెండో ప్రొఫైలు తెరవడం. మనిషి ఉండని, బోర్డు లేని చోటికి లిస్టింగు నిబంధనలకి విరుద్ధం. పట్టుబడితే దాంతోపాటు అసలు ప్రొఫైలుకీ ఎసరు రావచ్చు. వీడియో వెరిఫికేషన్ అడిగితే బోర్డు, వీధి, లోపల పనిముట్లు చూపించాలి. బావమరిది డైనింగ్ టేబులు చూపిస్తే కుదరదు.

దగ్గర అన్నదాంట్లోనూ మన డెల్టాలో ఓ తిరకాసుంది. నరసాపురం షాపు సఖినేటిపల్లి వాళ్లకి మ్యాపులో పక్కనే కనబడుతుంది. మధ్యలో వశిష్ఠ ఉంది. పంటు (రేవు దాటించే పడవ) ఎక్కాలి, లేదంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. అలాంటి చోట ‘పంటు ఆగాక మోటారు ఎలా పంపాలి, రాత్రి పూట ఏ దారిలో వస్తాం’ అని రాసిన పేజీ ఉందనుకోండి, అది నిజమైన ఊరి పేజీ. దాన్ని డోర్‌వే అనేవాడు లేడు.

తాటిముంజ

పంటు పేజీకి నాకూ అభ్యంతరం లేదు. ఊరిపేర్ల మీద ఒక మాట చెప్పి పక్కకి తప్పుకుంటా. తెలుగులో ‘కాళ్ల రిపేర్’ అని టైటిల్ పెడితే మోకాళ్ల డాక్టర్ల పక్కన కూర్చుంటారు. ‘ఉండి’ అన్నది ఊరో క్రియో మనిషికే సందేహం, మిషనుకి ఎంత? ‘కాళ్ల మండలం’, ‘ఉండి మండలం’ అని పూర్తిగా రాయండి. నర్సాపూర్ అని రాస్తే మెదక్ జిల్లాలోనూ ఒకటుంది, మనది ‘నరసాపురం, పశ్చిమగోదావరి’.

అడ్రసుల్లో జిల్లా కూడా చూసుకోండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక పశ్చిమగోదావరికి భీమవరమే కేంద్రం, ఏలూరు వేరే జిల్లా. కైకలూరు కృష్ణా నుంచి ఏలూరులోకి పోయింది. పాత డైరెక్టరీల్లో ఇంకా పాత జిల్లా, ఎప్పుడో వదిలేసిన ల్యాండ్‌లైను నంబరు ఉంటాయి. షాపు పేరు, అడ్రసు, ఫోను ప్రొఫైల్లో ఎలా ఉన్నాయో సైటు అడుగున, డైరెక్టరీల్లో, ఫేస్‌బుక్ పేజీలో అలాగే ఉండాలి. జిల్లా తేడాతో కొంప మునగదు గానీ, నంబరు తప్పుంటే వచ్చే ఫోను పోయినట్టే.

రేవుగట్టు

పంటురేవు గారూ, పనికో పేజీ అని శీర్షికలో నేనే రాశాను గానీ అందులో ఏం రాయాలో మా కుర్రాడికి తెలియట్లేదండి. ‘నాణ్యమైన సేవలు, సరసమైన ధరలు’ అని నింపాడు.

మెగ్గర్

ఆ రెండు మాటలూ ముందు తీసేయించండి. ఇప్పుడు హోం పేజీలో నాలుగు పనులూ నాలుగు బుల్లెట్లుగా ఉండుంటాయి. నాలుగు పేజీలు చెయ్యండి: రివైండింగ్, గేర్‌బాక్సు, ప్యానెలు, జనరేటర్. ఒక్క రివైండింగ్ పేజీ ఎలా ఉండాలో చెప్తాను, మిగతావి అదే దారి.

టైటిల్లో పని, హెచ్‌పీ, ఊరు: ‘ఏరేటర్ మోటారు రివైండింగ్, 1 హెచ్‌పీ, 2 హెచ్‌పీ, భీమవరం’. షాపు పేరు చివర. మెటా కీవర్డ్స్ డబ్బాలో (పేజీ కోడులో చూసేవాళ్లకి కనబడని మాటల జాబితా) ముప్పై ఊళ్లు కుక్కి ఉంటే వదిలేయండి, ర్యాంకుకి దాన్ని లెక్కలోకి తీసుకోవట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

పేజీ మొదట్లో చెరువు గట్టు మీద రైతు చూసే లక్షణాలు రాయండి, రైతు వెతికేది ఆ మాటలతోనే. ‘మోటారు గుమ్మంటోంది, తిరగట్లేదు’ అంటే ఒక ఫేజు (మూడు కరెంటు లైన్లలో ఒకటి) రాకపోవచ్చు, బేరింగు పట్టేసుండొచ్చు, గేర్‌బాక్సు జామై ఉండొచ్చు. వెంటనే స్విచ్చి ఆపమని చెప్పండి. ‘ఆన్ చేసిన కాసేపటికి ఓవర్‌లోడ్ రిలే కొట్టేస్తోంది’ అంటే (లోడు ఎక్కువైతే మోటారుని ఆపేసేది ఆ రిలే) వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెట్టి మూడు ఫేజులూ చూడమనండి. 2 హెచ్‌పీ త్రీఫేజు మోటారు నిండు లోడు మీద సుమారు మూడున్నర ఆంపియర్లు లాగుతుంది. మూడూ దాదాపు సమానంగా ఉండి ఎక్కువ లాగుతుంటే బరువు సమస్య, ప్యాడిలుకి నాచో తాడో చుట్టుకుందేమో చూడాలి. ఒకటి సున్నా ఉంటే వైరులోనో కాంటాక్టరులోనో (స్టార్టర్లో కరెంటు కలిపే స్విచ్చి) ఫేజు పోయింది. ఉప్పునీళ్లు లోపలికి దిగిన మోటారుకి మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) రీడింగు ఒక మెగాఓం కన్నా తక్కువొస్తే ఆరబెట్టకుండా కరెంటివ్వకూడదని రాయండి.

తర్వాత ఫోటో. స్టార్ కనెక్షన్ మోటారు విప్పినప్పుడు రెండు ఫేజుల కాయిళ్లు నల్లగా మాడి, మూడోది ఎర్రగా కొత్తదానిలా ఉంటే అది సింగిల్ ఫేజింగ్, అంటే ఒక ఫేజు పోయి మిగతా రెండింటి మీదే మోటారు నడవడం. ఆ ఒక్క ఫోటో, కింద రెండు వాక్యాలు, ‘ప్రివెంటరు (ఫేజు పోగానే మోటారుని ఆపేసేది) ఎందుకు పెట్టుకోవాలి’ అన్న ముక్క. వందమంది ఎస్సీవో (సైటుని సెర్చిలో పైకి తెచ్చే పని) వాళ్లు కూర్చున్నా ఇది రాయలేరు, మీ బల్ల మీద రోజూ పడుండేదే. గూగుల్‌కి కావలసిన సొంత సమాచారం ఇదేనండి.

చివర్లో: మోటారు తెచ్చేటప్పుడు ప్యాడిళ్లు, ఫ్లోట్లు తీసి రావాలా వద్దా, ఎన్ని రోజులు, రేటు ఎంత నుంచి ఎంత దాకా, అప్పటిదాకా అద్దె మోటారు ఇస్తారా లేదా. రేటు రాస్తే పోటీవాడు చూస్తాడని భయపడకండి, పోటీవాడికి మీ రేటు ఎలాగూ తెలుసు.

ఫోటోలు ఫోనులోంచి నేరుగా ఎక్కిస్తే ఒక్కోటి నాలుగైదు ఎంబీ. వెడల్పు 1200 పిక్సెళ్లకి తగ్గించి, వెబ్‌పీ చేసి 150 కేబీ లోపు పెట్టండి. పేజీలో పెద్ద భాగం రెండున్నర సెకన్లలో కనబడాలని గూగుల్ లెక్క, గట్టు మీద సిగ్నలు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మొదటి ఫోటోకి లేజీ లోడింగ్ (కిందికి జరిపినప్పుడే ఫోటో తెచ్చే పద్ధతి) పెట్టకండి, అది ఇంకా లేటవుతుంది. ఫోను నంబరు బొమ్మలో ముద్రించి ఊరుకోవద్దు, నొక్కితే కాల్ వెళ్లాలి.

కాలవలాకు

బాగుందండి. కానీ అర్ధరాత్రి రెండు మూడింటికి ఆక్సిజన్ పడిపోయినప్పుడు వెతికేవాడు ఇంత చదువుతాడా? వాడికి ‘తెరిచి ఉంది’ అని కనబడాలి. ప్రొఫైల్లో 24 గంటలు పెట్టేయండి. షాపు తెరిచుందా లేదా అన్నది ర్యాంకులో చూస్తామని 2023 చివర్లో గూగుల్ వాళ్లే ఒప్పుకున్నారు.

పంటురేవు

ఒప్పుకున్నవాళ్లే, తెరవని టైములు పెట్టకండని కూడా చెప్పారు. రాత్రి మూడింటికి ఫోను ఎత్తే మనిషి ఉంటే పెట్టండి. లేకపోతే ఒక్క రాత్రి చాలు, చెరువు పోయినవాడు రాసే ఒక్క నక్షత్రం రివ్యూ ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. పైగా ఆ టైములో షట్టరు వేసుందని ఎవరైనా గూగుల్‌కి సవరణ పంపొచ్చు.

కాలవలాకు

సీజన్లో మెకానిక్ రాత్రిళ్లు ఎలాగూ మేలుకునే ఉంటాడు కదండీ.

పంటురేవు

సీజన్లో పెట్టండి, అయ్యాక తీసేయండి. దీన్ని మర్చిపోవడమే అసలు జబ్బు.

మెగ్గర్

ప్రొఫైలు మాటొచ్చింది కాబట్టి. పేరులో ‘భీమవరం బెస్ట్ ఏరేటర్ రిపేర్’ అని తోకలు తగిలించకండి, బోర్డు మీద ఏముందో అదే. మెయిన్ కేటగిరీ ‘ఎలక్ట్రికల్ షాపు’ లాంటి సాధారణమైనది పెట్టుంటే మార్చండి, జాబితాలో మోటారు రిపేరుకి ఏది దగ్గరో వెతికి అది ముందు పెట్టి, మిగతావి అదనపు కేటగిరీలుగా చేర్చండి. మొత్తం పది దాకా కుదురుతాయి గానీ మూడు నాలుగు చాలు. రివ్యూలకి మోటారు అప్పజెప్పేటప్పుడు క్యూఆర్ చీటీ ఇవ్వండి. డిస్కౌంటు ఇస్తాననడం, సంతోషంగా ఉన్నవాళ్లకే చీటీ ఇవ్వడం రెండూ నిషేధమే.

రేవుగట్టు

అందరికీ దణ్ణాలండి. 32 ఆపించేశాను. పనుల పేజీలు నాలుగు చేయిస్తాను. ఆకివీడుకి ఒకటి ఉంచుదామని ఉంది, అక్కడ మంగళ, శుక్రవారాల్లో మా బండి మోటార్లు ఎక్కించుకుంటుంది. ఆ చోటు, టైము, ఎక్కించుకున్న మోటారు ఎప్పటికి తిరిగొస్తుందో రాస్తే మీ వేలి పరీక్ష నెగ్గుతుందనుకుంటున్నాను. ఇప్పటికే ఎక్కిన మిగతా అయిదూ డిలీట్ చేసేయమంటారా? ర్యాంకు పెరిగిందో లేదో ఎలా చూడాలి?

తాటిముంజ

ఆకివీడు నెగ్గుతుంది. మిగతా అయిదూ ఊరికే డిలీట్ చెయ్యకండి. ముందు సెర్చ్ కన్సోల్లో వాటికి క్లిక్కులేమైనా ఉన్నాయేమో చూసి, ఒక్కోదాన్ని దగ్గరి పని పేజీకి 301 రీడైరెక్ట్ (పాత లింకు నొక్కినవాళ్లని శాశ్వతంగా కొత్త పేజీకి పంపడం) చేయించండి. అన్నిటినీ హోం పేజీకి తోలితే గూగుల్ వాటిని లేని పేజీల కిందే లెక్కేసే అవకాశం ఉంది. సైట్‌మ్యాప్‌లోంచి (గూగుల్‌కి ఇచ్చే పేజీల జాబితా), ఫుటర్లోని (పేజీ అడుగు భాగం) ఊళ్ల జాబితాలోంచి కూడా తీయించాలి. ఫుటరు మర్చిపోతారు, అందరూ మర్చిపోతారు.

షాపులో కూర్చుని సొంత ఫోనులో వెతికి చూసుకోవద్దు, షాపు పక్కన కూర్చుంటే మీ షాపే ముందొస్తుంది. సెర్చ్ కన్సోల్లో క్వెరీ (వెతికిన మాట) ఫిల్టరుకి ‘ఏరేటర్’ అని పెట్టి, మార్చిన రోజుకి ముందు మూడు నెలలు, తర్వాత మూడు నెలలు పోల్చండి. సీజన్ తేడా ఉంటుంది కాబట్టి పోయినేడాది ఇవే నెలలతో కూడా చూడాలి, డేటా 16 నెలల దాకా ఉంటుంది. ప్రొఫైల్లో ఇచ్చిన సైటు లింకుకి యూటీఎం (ఎక్కణ్నుంచి వచ్చారో చెప్పే గుర్తు) తగిలిస్తే మ్యాపు నుంచి వచ్చినవాళ్లు విడిగా తెలుస్తారు.

కాలవలాకు

ఆ అయిదింట్లో కాళ్ల మండలం పేజీకి క్లిక్కులుంటే మాత్రం ఉంచండి మాస్టారూ. రీడైరెక్ట్ చేసే ముందు ఆ అంకె ఇక్కడ పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం.