కోర్టు వదిలేసిన ఆటగాడిని ఎన్ఎఫ్ఎల్ శిక్షించాలా?

ఫ్రిస్కో బాబాయ్:
సూటిగా అడుగుతున్నా. ప్రాసిక్యూటరే కేసు పెట్టనన్నాడు. శిక్ష సంగతి అటుంచి, అసలు విచారణే జరగలేదు. అలాంటి ఆటగాడిని అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ ఏ లెక్కన ఆరు మ్యాచ్‌లు పక్కన కూర్చోబెడుతుంది?

నా కడుపుమంట అప్పట్లో మా డాలస్ కౌబాయ్స్ టీమ్‌లో రన్నింగ్ బ్యాక్‌గా (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) ఆడిన ఎజికీల్ ఎలియట్ గురించి, పాత సంగతే అయినా. 2016 జూలైలో ఒహాయోలోని కొలంబస్‌లో తనని కొట్టాడని మాజీ ప్రియురాలు ఫిర్యాదు చేసింది. చెప్పిన విషయాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని అక్కడి ప్రాసిక్యూటర్లు కేసు పెట్టలేదు. లీగ్ మాత్రం ఏడాది పాటు సొంత విచారణ నడిపి 2017 ఆగస్టులో ఆరు మ్యాచ్‌లు వేసింది. ఆ అమ్మాయితో స్వయంగా మాట్లాడిన లీగ్ విచారణాధికారిణికే ఆమె మాటల మీద అనుమానాలున్నాయి. కమిషనర్ రోజర్ గూడెల్‌తో జరిగిన మీటింగ్‌కి ఆ అధికారిణినే పిలవలేదు! ఎలియట్ కోర్టుకెళ్లాడు. స్టే వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది, చివరికి నవంబర్‌లో కూర్చోబెట్టారు. కొట్టాడా లేదా అన్నదాని జోలికి ఆ కోర్టులేవీ వెళ్లలేదు.

హెచ్ఆర్ అక్క:
బాబాయ్ గారూ, మీ ఆఫీసులో ఒకడి మీద నలుగురు ఆడవాళ్లు ఫిర్యాదు చేస్తే హెచ్ఆర్ వాళ్లు "కోర్టు తీర్పు వచ్చాక చూద్దాం" అంటారా? జైల్లో పెట్టాలంటే అనుమానానికి తావులేని రుజువు కావాలి. ఉద్యోగం దగ్గర అంత అక్కర్లేదు, జరిగే ఉంటుందని నమ్మడానికి తగిన ఆధారాలుంటే చాలు. లీగ్ పర్సనల్ కాండక్ట్ పాలసీలో ఇది రాసే ఉంది. కోర్టులో శిక్ష పడకపోయినా నమ్మదగిన ఆధారాలుంటే చర్య తీసుకోవచ్చు.

కేసు నిలవలేదంటే ఏమీ జరగలేదని కాదు. కరోలినా పాంథర్స్ ఆటగాడు గ్రెగ్ హార్డీని మర్చిపోయారా? ప్రియురాలి మీద దాడి కేసులో 2014 జూలైలో నార్త్ కరోలినా జడ్జి దోషి అన్నారు. అక్కడి చట్టం ప్రకారం అతను జ్యూరీ ముందు మళ్లీ విచారణ కోరాడు. 2015 ఫిబ్రవరి వచ్చేసరికి ఫిర్యాదు చేసిన ఆమె జాడ ప్రాసిక్యూటర్లకి దొరకలేదు, కేసు ఎత్తేశారు. లీగ్ వేసిన పది మ్యాచ్‌లు అప్పీల్లో నాలుగయ్యాయి. అంతటి మనిషిని పిలిచి మరీ కాంట్రాక్ట్ ఇచ్చింది ఎవరండీ? మీ కౌబాయ్సే.

ఫ్రిస్కో బాబాయ్:
హార్డీని తెచ్చినప్పుడు నేనూ తిట్టుకున్నానమ్మా. టీమ్ యజమాని జెర్రీ జోన్స్ నన్నడిగి చేస్తాడా ఏంటి?

కానీ మీ హెచ్ఆర్‌లో శిక్ష వేసేదీ, దాని మీద అప్పీలు వినేదీ ఒకే మనిషైతే మీరు ఊరుకుంటారా? 2020 దాకా ఇక్కడ నడిచింది అదే. గూడెల్ శిక్ష వేస్తాడు, అప్పీలు కూడా ఆయనో, ఆయన పెట్టిన మనిషో వింటాడు. పేట్రియట్స్ టీమ్ స్టార్ టామ్ బ్రేడీ బంతుల్లో గాలి తీయించాడన్న గొడవలో 2016లో అప్పీల్ కోర్టు ఏమంది? మీ ఆటగాళ్ల యూనియనే ఈ అధికారం రాసిచ్చింది, అందులో మేం వేలు పెట్టలేం అని.

బాల్టిమోర్ వదిన:
ఇద్దరూ అసలు మనిషిని వదిలేశారు. మా బాల్టిమోర్ రేవెన్స్ రన్నింగ్ బ్యాక్ రే రైస్.

2014 ఫిబ్రవరి, అట్లాంటిక్ సిటీలో ఓ కేసినో. స్పృహ తప్పిన కాబోయే భార్య జనేని రైస్ లిఫ్ట్‌లోంచి బయటికి ఈడుస్తున్న వీడియో కొద్ది రోజులకే బయటికొచ్చింది. మార్చిలో గ్రాండ్ జ్యూరీ (కేసు నడపాలో వద్దో తేల్చే పౌరుల బృందం) అభియోగం మోపింది, మర్నాడే ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. మే నెలలో, షరతులు పూర్తిచేస్తే కేసు ఎత్తేసే ప్రోగ్రామ్‌లోకి పంపారు. ఇక మా రేవెన్స్ టీమ్ నిర్వాకం చూడండి. మొగుడూ పెళ్లాలిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి ప్రెస్ మీట్ పెట్టింది. ఆ రాత్రి జరిగినదాంట్లో తన వంతుకి జనే చాలా బాధపడుతోందని టీమ్ సొంత ట్విట్టర్ ఖాతాలో రాసింది. దెబ్బ తిన్న మనిషి చేత సారీ చెప్పించారన్నమాట! ఆ ట్వీట్ తర్వాత తీసేశారనుకోండి. జూన్‌లో గూడెల్ మాట్లాడినప్పుడూ ఆమెని విడిగా అడగలేదు. భర్త, టీమ్ పెద్దలు ఉన్న గదిలోనే కూర్చోబెట్టి మాట్లాడించారు. మన ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీ ఇంతకంటే ఏం గొప్పగా ఉంటుంది? "సర్దుకుపోమ్మా" అన్న మాట ఒక్కటే తక్కువ.

ఇంతా చేసి జూలైలో వేసింది రెండు మ్యాచ్‌లు. జనం దుమ్మెత్తి పోశాక ఆగస్టులో గూడెల్ తప్పు ఒప్పుకుని, ఇకమీదట గృహహింసకి మొదటిసారే ఆరు మ్యాచ్‌లన్నాడు. మీ ఎలియట్‌కి పడిన ఆరు అక్కడినుంచి వచ్చినవే బాబాయ్ గారూ.

సెప్టెంబర్ 8న లిఫ్ట్ లోపలి వీడియోని టీఎంజెడ్ అనే సెలబ్రిటీ కబుర్ల సైట్ పెట్టింది. గుద్దిన గుద్దు లోకమంతా చూసింది. ఆ రోజే టీమ్ తీసేసింది, లీగ్ నిరవధికంగా సస్పెండ్ చేసింది. కొత్తగా తెలిసిందేంటి? దెబ్బకి స్పృహ తప్పిందని ఫిబ్రవరిలోనే తెలుసుగా! నవంబర్‌లో మాజీ ఫెడరల్ జడ్జి బార్బరా జోన్స్ ఆ రెండో శిక్షని కొట్టేశారు. రైస్ లీగ్ దగ్గర ఏమీ దాచలేదు, అదే తప్పుకి మళ్లీ శిక్ష కుదరదన్నారు. కోర్టా ఆఫీసా అన్న మీ తగవు నాకు పట్టదు. ఆ వీడియో రాకపోతే రైస్ 2014 మూడో వారంలో నిక్షేపంగా గ్రౌండ్‌లో ఉండేవాడు. శిక్ష కొట్టేసినా మళ్లీ ఏ టీమూ పిలవలేదు.

ఈగల్స్ మామ:
వదినా, ఏ టీమూ పిలవకపోవడానికి వీడియో ఒక్కటే కారణం అనుకోకండి. 2013లో రైస్ బంతి పట్టుకున్న ప్రతిసారీ పరిగెత్తింది సగటున 3.1 గజాలు. వయసు 27, ఆ పొజిషన్‌కి అప్పుడే సాయంత్రం. ఫామ్‌లో ఉన్నవాడికైతే తలుపులు మూసుకోవు. కరీమ్ హంట్ ఓ మహిళని తోసి తన్నిన వీడియో 2018 నవంబర్ 30న బయటికొచ్చింది, చీఫ్స్ అదే రోజు తీసేసింది. ఫిబ్రవరికల్లా బ్రౌన్స్ సంతకం చేయించుకుంది. టైరీక్ హిల్ కాలేజీలో ఉండగా గర్భవతిగా ఉన్న ప్రియురాలిని కొట్టిన కేసులో నేరం ఒప్పుకున్నవాడు. 2016 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) ఐదో రౌండ్‌లో చీఫ్స్ తీసుకుంది. అదే వేగం లేనివాడైతే పేరు పిలిచేవారా?

మేమూ శుద్ధపూసలం కాదు. కుక్కల పందేల కేసులో జైలుకెళ్లొచ్చిన మైకేల్ విక్‌ని 2009లో తెచ్చుకున్నది ఫిలడెల్ఫియానే. 2010లో కమ్‌బ్యాక్ ప్లేయర్ అవార్డు కొట్టాడు, నేను గొంతు పోయేలా అరిచా. కాకపోతే విక్ శిక్ష పూర్తిగా అనుభవించి వచ్చాడు.

ఆదివారం సోఫా:
తలలు పగలగొట్టుకునే ఆట ఇది. రౌడీలు కాక రామభక్తులు వస్తారా?

హెచ్ఆర్ అక్క:
తమ్ముడూ, అలా కొట్టిపారేయకు. అదే వయసు మగవాళ్లతో పోల్చి లెక్కలు వేసినవాళ్లు ఆటగాళ్ల అరెస్టులు మొత్తం మీద తక్కువేనన్నారు. ఇంట్లో ఆడవాళ్లని కొట్టే కేసులకొచ్చేసరికి ఆ తేడా బాగా తగ్గిపోతుంది. మాట్లాడాల్సింది దాని గురించి.

ఫ్రిస్కో బాబాయ్:
ఆ మాటకొస్తే ఆడ్రియన్ పీటర్సన్ సంగతేంటి? నాలుగేళ్ల కొడుకుని బరికెతో కొట్టాడని 2014లో మొదటి మ్యాచ్ తర్వాత సీజన్ మొత్తం పోయింది. చింతబరికె దెబ్బలు తినకుండా మనలో ఎవరు పెరిగారు? దండం దశగుణం భవేత్ అంటూ పెంచినవాళ్లే మన పెద్దలు.

హెచ్ఆర్ అక్క:
ఆ పిల్లాడి తొడల మీద చారల ఫోటోలు చూసి కూడా ఈ మాట అంటున్నారా? మనం తిన్నాం కాబట్టి సరే అనడం నాకు నచ్చదు. పైగా పీటర్సన్ మీద టెక్సస్ గ్రాండ్ జ్యూరీ అభియోగం మోపింది, అతను నో కాంటెస్ట్ (నేరం ఒప్పుకోను, ఎదురు వాదించను) చెప్పాడు. కోర్టు వదిలేసినవాళ్ల గురించి కదా మీ ప్రశ్న? ఇతన్ని వదల్లేదు.

క్లీవ్‌లాండ్ కోడలు:
మా ఆయన వాట్సన్ జెర్సీ కొంటానంటే నేను పడనివ్వలేదు, కాబట్టి నా పక్షం ఏదో ముందే చెప్పేస్తున్నా.

డెషాన్ వాట్సన్ మీద ఇరవై మందికి పైగా మహిళలు, ఎక్కువమంది మసాజ్ థెరపిస్టులు, సివిల్ దావాలు వేశారు. 2022 మార్చిలో టెక్సస్‌లో రెండు గ్రాండ్ జ్యూరీలు అభియోగం మోపలేదు. ఆరోపణలన్నీ అబద్ధాలని అతనన్నాడు. అదే నెలలో మా బ్రౌన్స్ డ్రాఫ్ట్‌లో మూడు ఫస్ట్ రౌండ్ ఎంపిక హక్కులు ధారపోసి తెచ్చుకుని, ఐదేళ్లకి 23 కోట్ల డాలర్లు, సెంటుతో సహా గ్యారంటీ ఇచ్చింది.

బాబాయ్ గారు కోరుకునే తటస్థ జడ్జి ఈసారి ఉన్నారు. 2020 ఒప్పందంలో లీగూ యూనియనూ కలిసి ఎంచుకునే అధికారిని పెట్టుకున్నారు. ఆవిడ మాజీ ఫెడరల్ జడ్జి స్యూ రాబిన్సన్. లీగ్ పన్నెండు మందితో మాట్లాడి నలుగురి విషయాలు ఆమె ముందు పెట్టింది. ఆమె ఆ నలుగురినీ నమ్మారు. ఇప్పటిదాకా లీగ్ ముందుకొచ్చిన వాటన్నిటికంటే ఘోరమైన ప్రవర్తన అని రాశారు. రాసి, వేసింది ఆరు మ్యాచ్‌లు! ఎందుకంటే గతంలో ఇలాంటి వాటికి లీగ్ వేసిన శిక్షలు అంత చిన్నవి, ముందస్తుగా చెప్పకుండా ఒక్కసారిగా కొలత పెంచడం కుదరదన్నారు. లీగ్ అప్పీలుకెళ్లింది, చివరికి 11 మ్యాచ్‌లు, 50 లక్షల డాలర్ల జరిమానాకి రాజీ.

ఇప్పుడు లెక్క వినండి. సస్పెన్షన్‌లో కోత పడేది ఆ ఏడాది మూల వేతనంలో. 2022కి వాట్సన్ మూల వేతనాన్ని 10,35,000 డాలర్లే పెట్టి, మిగతాదంతా బోనస్ కింద ఇచ్చారు. 18 వారాలకి పంచితే వారానికి 57,500. పదకొండింటికి 6,32,500. జరిమానా కలిపినా 56 లక్షల చిల్లర, మొత్తం కాంట్రాక్ట్‌లో నూటికి రెండున్నర కూడా లేదు. అదే సీజన్‌లో కాల్విన్ రిడ్లీ ఫోన్‌లో మొత్తం 1,500 డాలర్ల పందేలు కాసినందుకు ఏడాదంతా ఇంట్లో కూర్చున్నాడు, 1.11 కోట్ల డాలర్ల జీతం ఆగిపోయింది.

ఈగల్స్ మామ:
రిడ్లీ డబ్బు ఆగింది కానీ పోలేదమ్మా. కాంట్రాక్ట్ ఒక ఏడాది ముందుకు జరిగింది, 2023లో జాగ్వార్స్‌కి అదే జీతంతో ఆడాడు. పోయింది ఒక ఏడాది వయసు, రిసీవర్‌కి అది కూడా తక్కువేం కాదు. మీరన్న తేడా మాత్రం కళ్లకి కడుతూనే ఉంది.

ఎల్బీ స్టేడియం గ్యాలరీ:
హైదరాబాద్ నుంచి ఒక మాట. పందెం అంటేనే బోర్డులకి చెమటలు పడతాయి. 2018లో మహ్మద్ షమీ మీద భార్య గృహహింస ఆరోపణలు చేసింది, మ్యాచ్ ఫిక్సింగ్ మాట కూడా అంది. అతను అన్నిటినీ ఖండించాడు. బీసీసీఐ కాంట్రాక్ట్ ఆపి, తన అవినీతి నిరోధక విభాగం చేత ఫిక్సింగ్ సంగతి ఒక్కటే తేల్చుకుని అదే నెలలో కాంట్రాక్ట్ ఇచ్చేసింది. ఇంటి సంగతి పోలీసులకి వదిలేసింది.

మన అజర్ సంగతి ఇంకోలా జరిగింది. 2000లో బోర్డు జీవితకాల నిషేధం వేసింది, 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అది చెల్లదంది. 99 టెస్టుల దగ్గర ఆగిన లెక్క అలాగే ఉండిపోయింది.

ఫ్రిస్కో బాబాయ్:
చూశారా! బోర్డు తప్పు చేస్తే దాన్ని సరిదిద్దేసరికి పన్నెండేళ్లు. ఆటగాడి వయసు ఎవరిస్తారు?

హెచ్ఆర్ అక్క:
అలాగని అసలు విచారణే వద్దంటే, షమీ విషయంలో జరిగినట్టు సగం ఫిర్యాదుని బోర్డు చదవనే చదవదు. నాకు రాబిన్సన్ పద్ధతే నయం. కానీ అందులోనూ ఓ మెలిక ఉంది. ఆవిడ వేసిన శిక్ష మీద అప్పీలు మళ్లీ కమిషనర్ దగ్గరికో, ఆయన పెట్టిన మనిషి దగ్గరికో వెళ్తుంది. అది తీసేయాలన్నదాంట్లో నేను బాబాయ్ గారి పక్షమే.

బాల్టిమోర్ వదిన:
యజమానుల మాటేంటి మరి? పాలసీలో యజమానులు ఇంకా పద్ధతిగా ఉండాలని రాసుకున్నారు. మత్తులో కారు నడిపిన కేసులో నేరం ఒప్పుకున్న అప్పటి కోల్ట్స్ యజమాని జిమ్ ఇర్సేకి 2014లో ఆరు మ్యాచ్‌లు, ఐదు లక్షల డాలర్లు. కోటీశ్వరుడికి మ్యాచ్ చూడకపోవడం కూడా శిక్షేనా? ఆఫీసులో ఆడవాళ్లకి నరకం చూపించారన్న విచారణ తర్వాత వాషింగ్టన్ టీమ్‌కి 2021లో కోటి డాలర్ల జరిమానా వేశారు, లిఖితపూర్వక నివేదిక కూడా బయటపెట్టలేదు. వాట్సన్ కేసులో యూనియన్ ఇదే ఎత్తి చూపించింది.

క్లీవ్‌లాండ్ కోడలు:
నా కోరిక చిన్నది. కోత వారం జీతంలో కాకుండా ఆ ఏడాది చేతికొచ్చిన మొత్తంలో పడాలి, బోనస్‌తో సహా. వాట్సన్‌కి ఆ ఏడాది ముట్టింది 4.6 కోట్లు. 17 మ్యాచ్‌లలో పదకొండు వంతులు తీసేస్తే దాదాపు మూడు కోట్లు పోయేవి. అప్పుడు టీమ్ కూడా సంతకం ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది.

ఈగల్స్ మామ:
బోనస్ మీద చేయి వేయనిస్తే రేపు మామూలు గొడవలకీ దాన్నే లాక్కుంటారని యూనియన్ అడ్డం పడుతుంది, ఆ భయంలో అర్థం లేకపోలేదు. ఏదైనా మార్చాలంటే ఇద్దరూ మళ్లీ బల్ల దగ్గర కూర్చోవాలి. ఇప్పటి ఒప్పందం 2030 సీజన్ దాకా ఉంది. ఈలోగా కేసున్న ప్రతి స్టార్ ఏజెంటూ మొదటి ఏడాది మూల వేతనం తగ్గించి, బోనస్ పెంచి రాయించుకుంటాడు.