ల్యాబ్‌లో పిల్లలు ఫిల్టర్ దాటేస్తున్నారు, ఎలా ఆపాలి?

నమస్కారమండీ. హైదరాబాద్‌లో హైస్కూల్ ల్యాబ్, 20 విండోస్ సిస్టమ్స్, డొమైన్ సర్వర్ (అన్ని సిస్టమ్స్‌నీ ఒకచోటి నుంచి నడిపేది) లేదు. రూటర్‌లో డీఎన్ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ వెతికిచ్చే సర్వీస్) కింద క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల ఫిల్టర్ 1.1.1.3 పెట్టాం, పెద్దల సైట్లు ఆగాయి. కానీ క్రోమ్ సెట్టింగ్స్‌లో 'సెక్యూర్ డీఎన్ఎస్'కి వెళ్లి వేరే ప్రొవైడర్‌ని ఎంచుకుంటే చాలు, రూటర్ ఫిల్టర్ ఉన్నా లేనట్టే. తొమ్మిదో తరగతి వాళ్లకు ఇది రెండు నిమిషాల పని! రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగ్స్ ఉండే చోటు) క్రోమ్‌కి 'డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ మోడ్' పాలసీని ఆఫ్ చేస్తే ఆ సెట్టింగ్ లాక్ అవుతుంది. ఫైర్‌ఫాక్స్‌కి మళ్లీ విడిగా చేయాలి. ఒక్కో సిస్టమ్ దగ్గర కూర్చోకుండా అన్నింట్లో ఒకేసారి చేసే దారి ఉందా?

ఇంకోటి, లాగౌట్. ముందు పీరియడ్ వాళ్ల జీమెయిల్ తెరిచే ఉంటుంది, తర్వాత కూర్చున్నవాళ్లకు తేరగా దొరుకుతుంది. క్రోమ్‌లో గెస్ట్ మోడ్ (లాగిన్‌లు దాచుకోని మోడ్) తప్పనిసరి చేస్తే విండోలన్నీ మూయగానే లాగిన్ పోతుంది, సరే. అయితే నెట్ సెంటర్‌లో ఆ రక్షణ ఉండదు కదా. లాగౌట్ అలవాటు చేయించడానికి 40 నిమిషాల పీరియడ్‌లో పట్టే యాక్టివిటీ ఏదైనా చెప్పండి.