గుడ్డిపాము: కొత్త జాతి అని ఎలా తేల్చాలి?

ప్రశ్న: తూర్పు కనుమల్లో అటవీశాఖ అనుమతితో పట్టిన గుడ్డిపాము మామూలుదానికంటే లావుగా ఉంది. హైదరాబాద్ ల్యాబ్‌లో మొదట ఏం చేయాలి? (కింది జవాబులు ఇద్దరివి, కలంపేర్లతో.)

మన్నుతిన్నది: బతికుండగానే ఫొటోలు తీయండి, ఆల్కహాల్‌లో రంగు వెలిసిపోతుంది. మత్తుమందుతో చంపాక, ఫార్మలిన్ ముట్టుకోకముందే కాలేయం ముక్క తీసి అబ్సల్యూట్ ఇథనాల్‌లో వేయండి. ఈ వరస తప్పితే డీఎన్ఏ ముక్కలైపోతుంది, ఆపైన 16ఎస్ (జాతుల్ని పోల్చడానికి వాడే జన్యువు) సీక్వెన్స్ మీద ఆశ వదులుకోవాల్సిందే. తర్వాత ఒంట్లోకి 10 శాతం ఫార్మలిన్ ఎక్కించి, నిటారుగా పరిచి గట్టిపడనివ్వండి. చుట్టలా బిగుసుకుంటే పొలుసులు లెక్కపెట్టడం నరకం. చివరికి నీళ్లతో కడిగి 70 శాతం ఇథనాల్‌లోకి మార్చండి.

పొలుసులరావు: లావును నమ్మకండి. నడుము చుట్టూ పొలుసుల వరసలు లెక్కపెట్టండి, పూలకుండీల్లో కనిపించే మామూలు గుడ్డిపాముకి 20 ఉంటాయి. ముక్కుపొలుసు మీది సన్నగీత ఏ పొలుసును తాకుతోందో మైక్రోస్కోప్ కింద చూసి బొమ్మ గీయండి. అసలు చిక్కు పాత పేర్లతోనే. బ్రిటిష్ సైనికాధికారి, ప్రకృతి పరిశోధకుడు బెడ్డోమ్ 19వ శతాబ్దంలో సేకరించిన టైప్ నమూనాలు (జాతికి పేరు పెట్టడానికి ఆధారమైనవి) చాలావరకు లండన్ మ్యూజియంలో ఉన్నాయి, వాటితో పోల్చకుండా కొత్త పేరు పెడితే అది పాతదానికి మారుపేరుగా తేలొచ్చు.

మన్నుతిన్నది: ఒక్క నమూనాతో తొందరపడొద్దు, జాతిలో తేడా ఎంతో తెలియదు. ఇంకొకటి, జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం హోలోటైప్‌ను (కొత్త పేరుకు ఆధారంగా ఎంచుకున్న ఒకే ఒక్క నమూనాను) గుర్తింపు పొందిన భాండాగారంలో జమ చేయాలి. వ్యాసం ఆన్‌లైన్‌లో మాత్రమే వస్తుంటే జూబ్యాంక్‌లో (జంతువుల శాస్త్రీయ నామాల ఆన్‌లైన్ రిజిస్టర్‌లో) రిజిస్ట్రేషన్ లేకపోతే పేరు చెల్లదు.