రాజకీయ కుటుంబాల కంపెనీల షేర్లు కొనొచ్చా?

తెనాలి_కుర్రాడు:
2024 జూన్ 4న ఓట్ల లెక్కింపు. ఆ వారంలోనే హెరిటేజ్ ఫుడ్స్ షేరు 400 చిల్లర నుంచి 660 దాకా వెళ్లింది. చంద్రబాబు గారు 1992లో పెట్టిన కంపెనీ, ఇప్పుడూ ఆయన కుటుంబమే నడుపుతోంది, తెలుసు. కానీ ఆయన ముఖ్యమంత్రి అయితే జనం పెరుగు ఎక్కువ తింటారా? మా బావేమో "ఇలాంటివి పట్టుకుంటే ఐదేళ్లు ఢోకా లేదురా" అంటాడు. నిజమేనా?

పాలకేంద్రం:
తినరు. డైరీ లాభమంతా రైతు దగ్గర కొనే పాల ధరలో ఉంటుంది. చలికాలంలో పాలు దండిగా వస్తే ఆ ధర తగ్గుతుంది, ఎండాకాలం పెరుగుతుంది. ప్యాకెట్ పాలల్లో మిగిలేది తక్కువ, కాస్త మార్జిన్ ఉండేది పెరుగులోనే. 2023 సెప్టెంబరులో ఆయన్ను అరెస్టు చేసినప్పుడు ఇదే షేరు పడింది. అప్పుడు గేదెలన్నీ ఒక్కసారే వట్టిపోయాయా ఏంటి?

కంకర_సిమెంటు:
పాల సంగతి సరే తమ్ముడూ, సర్కారే కస్టమరైన చోట కథ వేరు. నేను చిన్న కాంట్రాక్టర్ని. 2019 ఎన్నికల ముందు మా మండలంలో సిమెంటు రోడ్లు వేశాను. పని ఇప్పించింది అప్పటి ఎమ్మెల్యే మనుషులు. ఎం-బుక్‌లో, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో, ఎక్కింది, బిల్లు అప్‌లోడ్ అయింది, టోకెన్ నెంబరూ వచ్చింది. ప్రభుత్వం మారింది. కొత్తవాళ్లు వచ్చి రోడ్డుకు మళ్లీ కోర్ కటింగ్ చేయించారు, అంటే ముక్క కోసి మందం చూశారు, మందం సరిపోయింది, అయినా డబ్బు పడలేదు. హైకోర్టు గడప తొక్కాక వచ్చింది. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బది, లాభమంతా వడ్డీకే సరి. నాకు పార్టీ సభ్యత్వం కూడా లేదు! ఏ పరిచయం పని తెచ్చిందో అదే బిల్లు ఆపింది.

పెద్దవాళ్ల లెక్క వేరు. పేరు బయటపడకుండా పార్టీలకు విరాళమివ్వడానికి వాడిన ఎన్నికల బాండ్ల వివరాలు 2024 మార్చిలో బయటపడ్డాయి కదా, మన హైదరాబాద్ కాంట్రాక్టు కంపెనీ మేఘా 966 కోట్ల బాండ్లు కొని దేశంలో రెండో స్థానంలో ఉంది. అవి బీజేపీకీ వెళ్లాయి, బీఆర్ఎస్‌కీ వెళ్లాయి, డీఎంకేకీ వెళ్లాయి. ఎందుకిచ్చారో వాళ్లకే తెలియాలి. ఒక్క గుర్రం మీదే పందెం కాయలేదన్నది మాత్రం కనిపిస్తూనే ఉంది. మనం కొందామన్నా మేఘా స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ కాదనుకో.

తెనాలి_కుర్రాడు:
మరి లిస్టయిన వాటిలో ఏం చూడాలన్నా?

లెక్కల_మాస్టారు:
మధ్యలో దూరుతున్నా. కంపెనీ పార్టీలకిచ్చిన విరాళం లాభనష్టాల ఖాతాలో చూపించాలి. మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతం మించకూడదన్న పరిమితిని 2017లో ఎత్తేశారు. అలా ఎత్తేయడం చెల్లదని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ మధ్య సంవత్సరాల కంపెనీల వార్షిక రిపోర్టులు తిరగేయండి, నష్టాల్లో ఉండి విరాళం ఇచ్చినవాళ్లెవరో తెలుస్తుంది.

కంకర_సిమెంటు:
అది చూడు. దాంతోపాటు రావాల్సిన బకాయిల పట్టిక కూడా. ఆర్డర్ బుక్, అంటే చేతిలో ఉన్న పనుల విలువ, ఎంతని టీవీలో అందరూ చెప్తారు, మూడేళ్లు దాటిన బకాయి ఎంతో ఎవరూ చెప్పరు. అది ఏ రాష్ట్రం నుంచి రావాలో, అక్కడ మళ్లీ ఎన్నికలెప్పుడో చూసుకుని అప్పుడు కొను. మీ బావకూ చూపించు.