రోబోలు నిజంగా ఉన్నాయా? ముందు ముందు ఏం చేస్తాయి?

ప్రశ్న (రాయగడ నుంచి)
పెద్దలకు నమస్కారం. రోబోలు సినిమాల్లోనే ఉంటాయా, నిజంగా పనిచేస్తున్నాయా అని మా తొమ్మిదో తరగతి పిల్లలు అడుగుతున్నారు. మిల్లు పనికి వెళ్లే తమ నాన్నల కొలువులకు వాటివల్ల ముప్పుందా అన్నది వారి రెండో ప్రశ్న.

జవాబు (జయపురం నుంచి)
మాస్టారూ, అవి 1961లోనే పనిలో చేరాయి. అమెరికాలోని జనరల్ మోటార్స్ కర్మాగారంలో యూనిమేట్ అనే యంత్రహస్తం, అచ్చులోంచి వచ్చే వేడి లోహపు భాగాలను పట్టి బయటకు తీసేది. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 చంద్రుడిపై దింపిన, ఆరు చక్రాలతో దాదాపు 26 కిలోల బరువున్న ప్రజ్ఞాన్ కూడా రోబోయే. మనిషి ముఖం లేనందున పిల్లలకు అలా తోచదు, అంతే.

జవాబు (పర్లాకిమిడి నుంచి)
బియ్యం మిల్లులో సార్టెక్స్ యంత్రాన్ని చూపించండి. జారిపడుతున్న గింజలను కెమెరా చూస్తుంది, నల్లగింజ కనబడగానే సన్నని గాలిదెబ్బ దానిని పక్కకు నెట్టేస్తుంది. పండితులు ఒప్పుకోకపోవచ్చు గానీ, చూసి, తేల్చుకుని, పనిచేసేదాన్ని నేను రోబో వరుసలోనే కడతాను. గింజలు ఏరే కూలిపని దానివల్ల తగ్గిన మాట నిజమే. అయితే మ్యాన్‌హోల్ శుభ్రతకు 2018లో కేరళలో వచ్చిన బాండికూట్ అనే రోబో వంటివి మన పట్టణాలకూ రావాలి. ఆ పని మనుషులు చేయాల్సిన అవసరం లేకుండా పోతే ఎవరూ బాధపడరు.

జవాబు (బరంపురం నుంచి)
పట్టుచీర నేతలో తెగిన పోగును వేలికొసతో తడిమి ముడివేసే పని యంత్రానికి అంత త్వరగా పట్టుబడదని నా అభిప్రాయం. ఒకే కొలతతో, ఒకే చోట తిరిగి తిరిగి చేసే పనులే ముందు పోతాయి.