ఎగ్రీజియస్: మంద దాటిన మాట

విదేశాల్లో పైచదువులకు రాసే జీఆర్‌ఈ పరీక్ష కోసం ఇంగ్లిష్ పదాలు పొద్దున బట్టీ పడితే సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండట్లేదని ఒకరు అడిగారు. గుర్తుండకపోవడం కంటే సగం గుర్తుండటం ప్రమాదమండీ. ఎగ్రీజియస్ అనే పదంతో నాకు అనుభవమే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో పదాల జాబితాలో దాని పక్కన 'అసాధారణమైన' అని చదివాను. మా పై అధికారి రాసిన రిపోర్టు నచ్చి, 'ఎగ్రీజియస్ వర్క్ సార్' అని మెయిల్ పెట్టాను. ఆయన పిలిచి, "అంత ఘోరం ఏం చేశానయ్యా?" అన్నారు. కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించే తప్పుకు, సిగ్గుచేటు పనికి వాడే మాటట అది!

జాబితాది పూర్తిగా తప్పనీ అనలేం. లాటిన్‌లో 'గ్రెక్స్' అంటే మంద. మందలోంచి బయటికొచ్చి ప్రత్యేకంగా నిలిచినది ఎగ్రీజియస్. 16వ శతాబ్దపు ఇంగ్లిష్‌లో పొగడ్తగానూ చెల్లింది. వెటకారంగా వాడీ వాడీ చివరికి తిట్టయి కూర్చుంది. మనకిది వింతేం కాదు. "ఏం ఘనకార్యం వెలగబెట్టావురా?" అని నాన్న అడిగితే ఎవరైనా పొంగిపోతారా? కాకపోతే మన ఘనకార్యానికి మంచి అర్థం ఇంకా మిగిలి ఉంది, ఎగ్రీజియస్‌కు మిగల్లేదు.

ఆ మందలోవే ఇంకొన్ని: నలుగురిలో ఇట్టే కలిసిపోయేవాడు గ్రిగేరియస్, మందనుంచి విడదీస్తే సెగ్రిగేట్. ఒకచోట గుమిగూడటం కాంగ్రిగేట్, అన్నీ కలిపి మొత్తం చేయడం అగ్రిగేట్, ఇవీ చుట్టాలే. ఒకదాన్ని పట్టుకుంటే మిగతావి వెంట వస్తాయి.

— అయితే మూలం తెలిస్తే అర్థం తెలిసినట్టేనా అండీ?

లేదండీ, అక్కడే బోల్తా పడతాం. సాంగ్విన్, సాంగ్వినరీ రెండింటికీ మూలం రక్తమే. మొదటిది ఆశాభావం, రెండోది రక్తపాతం! ఒంట్లో రక్తం వాటా ఎక్కువైతే మనిషి హుషారుగా ఉంటాడని పాతకాలపు యూరప్ వైద్యులు నమ్మేవారు, మొదటి అర్థం అలా వచ్చింది. మూలం గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది గానీ, ఎక్కడ వాడాలో చెప్పదు. అందుకే అర్థం పక్కన ఆ పదం వాడిన వాక్యం ఒకటి రాసుకోండి. రోజుకు మూడు పదాలైనా చాలు.

నా నోటుబుక్కులో ఎగ్రీజియస్ పక్కన ఆ మెయిల్ వాక్యమే ఉంది, ఎర్ర సిరాతో.