డివిజన్ అంటే విభాగమా, శ్రేణా?

హైస్కూలు పిల్లల కోసం ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ తొలినాళ్ల మీద వ్యాసం రాస్తున్నాను. ఫస్ట్ డివిజన్, సెకండ్ డివిజన్‌లకు మొదటి విభాగం, రెండో విభాగం అని పెట్టాను. రెలిగేట్ అయిన, అంటే కింది డివిజన్‌కు వెళ్లాల్సి వచ్చిన జట్టును ‘దిగజారిన జట్టు’ అన్నాను. చదువుతుంటే ఎక్కడో తేడా కొడుతోంది. పెద్దలు చూసి చెప్పండి.

—

విభాగం వద్దండీ. విభాగాలు పక్కపక్కన ఉంటాయి, ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా కాదు. 1888లో ఆస్టన్ విల్లాకు చెందిన విలియం మెక్‌గ్రెగర్ చొరవతో 12 క్లబ్బులు లీగ్ పెట్టుకున్నప్పుడు డివిజన్లే లేవు, పట్టిక ఒక్కటే. 1892లో ఫుట్‌బాల్ అలయన్స్ అనే పోటీ లీగ్‌ను కలుపుకున్నాక పైన 16, కింద 12 జట్లయ్యాయి. పైనా కిందా అని వచ్చాక అది శ్రేణే.

—

తరగతి అంటే ఏం పోయింది? రైల్లో మొదటి తరగతి అంటాం కదా. పిల్లలకు ప్రమోషన్ అన్న మాట కూడా ఇట్టే అర్థమవుతుంది.

—

ఆ ఇట్టే అర్థమవడంతోనే చిక్కండీ. తరగతి అనగానే పాసైతే పైకి, తప్పితే డింకీ అనుకుంటారు పిల్లలు. మొదట్లో ఆ పద్ధతి లేదు. పైశ్రేణిలో చివరి మూడు జట్లూ, కిందిశ్రేణిలో మొదటి మూడు జట్లూ ‘టెస్ట్ మ్యాచ్’ ఆడాలి. (ఇక్కడ టెస్ట్ మ్యాచ్ అంటే క్రికెట్ కాదని వ్యాసంలో ఒక ముక్క రాయండి, లేకపోతే పిల్లలు తికమకపడతారు.) 1893లో రెండో శ్రేణిలో అగ్రస్థానం స్మాల్ హీత్‌ది, అంటే నేటి బర్మింగ్‌హామ్ సిటీ. మొదటి శ్రేణిలో అట్టడుగున ఉన్నది న్యూటన్ హీత్, నేటి మాంచెస్టర్ యునైటెడ్. ఇద్దరి మ్యాచ్ 1-1తో తేలలేదు, మళ్లీ ఆడితే న్యూటన్ హీత్ 5-2తో గెలిచింది. ఫస్టొచ్చినవాడు కిందే, ఆఖరువాడు పైనే! దీన్ని ‘పై తరగతికి వెళ్లడం’ అనే మాటతో ఎలా చెబుతాం?

ఈ టెస్టులు 1898తో పోయాయి. ఆ ఏడు చివరి పోరులో స్టోక్, బర్న్లీ ఇద్దరికీ పైశ్రేణిలో చోటు దక్కడానికి డ్రా చాలు. ఆట 0-0తో ముగిసింది, చూసినవాళ్లకు ఒళ్లు మండింది. ఆ తర్వాతే నేరుగా ఇద్దరు పైకి, ఇద్దరు కిందికి అన్న నియమం వచ్చింది.

—

బాగా చెప్పారు, శ్రేణి అనే మారుస్తాను. మరి 1921లో వచ్చిన థర్డ్ డివిజన్ నార్త్, సౌత్? అవి పక్కపక్కవే కదా?

—

అక్కడ మీ విభాగానికి చోటుంది. మూడో శ్రేణి ఉత్తర విభాగం, దక్షిణ విభాగం అనండి. 1920లో సదరన్ లీగ్ క్లబ్బులు వచ్చి చేరడంతో మూడో శ్రేణి పుట్టింది, మరుసటి ఏడు ఉత్తరాదికీ ఒకటి పెట్టారు. రెండిటి హోదా ఒకటే, ఒక్కోదాంట్లోంచి విజేత మాత్రమే పైకి. 1958లో ఈ ప్రాంతాల తేడా తీసేసి మూడు, నాలుగు శ్రేణులు చేశారు. మన వాడుకలోనూ డివిజన్‌కు రెండర్థాలూ ఉన్నాయి చూడండి: గుంతకల్లు డివిజన్ అంటే ప్రాంతం, టెన్త్‌లో ఫస్ట్ డివిజన్ అంటే స్థాయి.

ఇక ‘దిగజారిన’ మాత్రం తీసేయండి. ఆ మాట మనిషి నడత మీదకు పోతుంది. ఓడిన జట్టు తప్పేం చేసింది పాపం! ‘దిగింది’ చాలు. ‘1893లో నాట్స్ కౌంటీ రెండో శ్రేణికి దిగింది. అక్రింగ్టన్ మాత్రం దిగి ఆడటానికి ఒప్పుకోక లీగ్‌నే వదిలేసింది.’